కంకి కొడవలి పెట్టె నుంచి రాజీనామా దాకా: తరిమెల నాగిరెడ్డి ఎన్నికల జీవితం

మా జేజినాయన ఓటు వేయడాన్ని చివరిదాకా ‘పెట్టెలో వేసి రావడం’ అనే అనేవాడు. మేము పిల్లలుగా ఉన్నప్పుడు ఆ మాట ఎందుకలా అంటాడో అర్థమయ్యేది కాదు. ఓటు ముద్ర వేసి మడిచిన కాగితమైనా, తర్వాత వచ్చిన మీట అయినా ఆయనకు అది పెట్టెలో వేయడమే. కారణం తర్వాత తెలిసింది. 1952 నాటి తొలి సార్వత్రిక ఎన్నికల్లో ఒక్కో అభ్యర్థికి ఒక్కో పెట్టె ఉండేది. పెట్టె మీద అభ్యర్థి గుర్తు అంటించి ఉండేది. ఓటరు లోపలికి వెళ్లి, తనకు ఇచ్చిన చీటీని తనకు కావలసిన పెట్టెలో వేసి బయటికి వచ్చేవాడు. చదువు రానివాళ్లే ఎక్కువగా ఉన్న దేశంలో ఎన్నిక జరపడానికి ఆనాడు కనిపెట్టిన ఉపాయం అది. అనంతపురంలో ఆ రోజు జేజినాయన ముందున్న పెట్టెల్లో ఒకదాని మీద కాడెద్దులు, మరొకదాని మీద కంకి కొడవలి ఉన్నాయి. కాడెద్దుల పెట్టె నీలం సంజీవరెడ్డిది. కంకి కొడవలి పెట్టె తరిమెల నాగిరెడ్డిది. ఇద్దరూ బావ, బావమరుదులు.

నాగిరెడ్డి పేరు ఈనాటి యువతకు విప్లవోద్యమ నాయకుడిగానే తెలుసు. ఆయన జీవితంలో పెద్ద భాగం ఎన్నికల్లో, చట్టసభల్లో గడిచిందన్న సంగతి మా జిల్లాలోనే చాలామంది మరిచిపోయారు. మద్రాసు శాసనసభకు ఒకసారి, లోక్‌సభకు ఒకసారి, ఆంధ్రప్రదేశ్ శాసనసభకు రెండుసార్లు ఆయన ఎన్నికయ్యారు. ఆ నాలుగు గెలుపుల గురించి, చివరి గెలుపును తానే ప్రజలకు తిరిగి అప్పజెప్పిన తీరు గురించి రాయాలని నాకు చాలాకాలంగా ఉంది.

ఆయన 1917 ఫిబ్రవరి 11న శింగనమల దగ్గరి తరిమెలలో కలిగిన భూస్వామ్య కుటుంబంలో పుట్టారు. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ, మద్రాసు లయోలా కళాశాల, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం ఆయన చదివిన చోట్లు. ఆనాటి సీమలో ఆ చదువు, ఆ ఆస్తి ఉన్న కుర్రవాడికి రాజకీయాల్లోకి రావడానికి కాంగ్రెస్ తలుపు బార్లా తెరిచి ఉండేది. ఆయన వేరే దారి పట్టారు. యుద్ధం వల్ల ప్రజల మీద పడే ఆర్థిక భారం గురించి పుస్తకం రాసినందుకు 1940లోనే జైలుకు వెళ్లారు. తన వాటా భూమిని ఇచ్చివేశారని మా వైపు పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. రెడ్డిగారింటి బిడ్డ కూలివాళ్ల గుడిసెల ముందు కూర్చుని మాట్లాడటం ఆనాటి పల్లెల్లో ఎంత పెద్ద విషయమో చెప్పేటప్పుడు జేజినాయన గొంతులో ఏదో మార్పు వచ్చేది. ఆయన పార్టీ మనిషి కాదు, ఆరెకరాల మెట్ట, దానిలో వేరుశనగ, అప్పుడప్పుడు వాన తప్ప ఆయనకు మరో లోకం లేదు. అందుకే ఆ మాట నాకు గట్టిగా గుర్తుండిపోయింది.

1952 ఎన్నికకు వద్దాం. నాగిరెడ్డి జైలు నుంచే పోటీ చేశారు. అంటే ఓటు అడగడానికి అభ్యర్థి ఊళ్లోకి రాలేదు. ఆయన తరఫున కార్యకర్తలు తిరిగారు, పాటలు పాడారు, పెట్టె మీద ఏ గుర్తు ఉంటుందో ఊరూరా బొమ్మ గీసి చూపించారు. అవతల నిలబడ్డది చిన్న మనిషి కాదు. ఇల్లూరులో పుట్టిన నీలం సంజీవరెడ్డి 1931లోనే చదువు వదిలి స్వాతంత్య్రోద్యమంలో దూకినవారు, క్విట్ ఇండియా కాలంలో జైళ్లు చూసినవారు, మద్రాసు ప్రభుత్వంలో మంత్రిగా చేసినవారు, ఎన్నికల నాటికి ఆంధ్ర రాష్ట్ర కాంగ్రెస్ అధ్యక్షులు. ఆ స్థాయి నాయకుణ్ణి ఆయన సొంత జిల్లా కేంద్రంలో, జైల్లో ఉన్న బావమరిది ఓడించడం మద్రాసు దాకా మోగిన వార్త.

ఈ గెలుపును పూర్తిగా వ్యక్తి గొప్పతనానికి కట్టబెడితే అన్యాయమవుతుంది. ఆ సంవత్సరం మద్రాసు రాష్ట్రమంతటా కాంగ్రెస్ మహామహులు కూలిపోయారు. ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా ఓడారు, బెజవాడ గోపాలరెడ్డి ఓడారు, కళా వెంకటరావు ఓడారు. 375 స్థానాల సభలో కాంగ్రెస్‌కు వచ్చినవి 152. కమ్యూనిస్టులకు 62 వచ్చాయి. తిండిగింజల కరవు, రేషను, కంట్రోళ్లు, వాటి చుట్టూ పెరిగిన అవినీతి జనాన్ని విసిగించాయి. పైగా కాంగ్రెస్ నుంచి చీలిన ప్రకాశం గారి ప్రజా పార్టీ, రంగా గారి కృషికార్ లోక్ పార్టీ, సోషలిస్టులు ఎవరికి వారే నిలబడటంతో కాంగ్రెస్ ఓటు ముక్కలైంది. అయినా అనంతపురం ఓటరు అన్ని పెట్టెల్లోనూ కంకి కొడవలి పెట్టెనే ఎందుకు ఎంచుకున్నాడన్న ప్రశ్న మిగులుతుంది. దానికి నాకు తోచిన జవాబు ఆ గుడిసెల ముందు కూర్చోవడమే.

జైలు నుంచి గెలిచిన మనిషి మద్రాసు సభలో ప్రతిపక్ష నాయకుడయ్యారు. అప్పటికి ఆయనకు ముప్పయి అయిదేళ్లు. ఎదుట ముఖ్యమంత్రి స్థానంలో రాజాజీ. సొంతంగా మెజారిటీ లేని కాంగ్రెస్, ఎన్నికల్లో నిలబడని రాజాజీని మండలికి నామినేట్ చేయించి మరీ ప్రభుత్వం ఏర్పాటు చేసింది. వయసులో తండ్రి తరం వాడు, దేశపు మొదటి భారతీయ గవర్నర్ జనరల్‌గా పనిచేసినవాడు, వాదనలో దిట్ట. అలాంటి ప్రత్యర్థికి ఎదురుగా నిలబడి మాట్లాడటానికి ఎంత తయారు కావాలో ఊహించుకోవచ్చు. ఆ సభ కాలంలోనే 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణాలు విడిచారు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడింది. మద్రాసు సభలోని తెలుగు సభ్యులు కర్నూలుకు తరలి వచ్చారు.

కొత్త రాష్ట్రంలో మొదటి ప్రభుత్వం ఏడాది మీద నెలరోజులు నడిచి, మద్యనిషేధం విషయంలో అవిశ్వాస తీర్మానానికి 1954 నవంబరులో పడిపోయింది. 1955 ఎన్నికలు వచ్చాయి. తెలుగునేల మీద జరిగిన ఎన్నికల ప్రచారాల్లో అంత తీవ్రమైనది మరొకటి ఉందని నేను అనుకోను. కమ్యూనిస్టులే అధికారంలోకి వస్తారని దేశమంతా అనుకుంది. కాంగ్రెస్ అధిష్ఠానం బొంబాయి నుంచి ఎస్.కె. పాటిల్‌ను పంపింది. పత్రికలు బారులు తీరి ఒక పక్షం వహించాయి. నెహ్రూ విదేశాంగ విధానాన్ని మెచ్చుకుంటూ 1955 జనవరిలో మాస్కోలోని సోవియట్ కమ్యూనిస్టు పార్టీ పత్రిక ‘ప్రావ్దా’ రాసిన సంపాదకీయాన్ని కాంగ్రెస్ వారు అచ్చువేసి ఊరూరా పంచారు. మీ మాస్కోయే మా నెహ్రూను పొగుడుతుంటే మీరెందుకు తిడుతున్నారని అడిగితే కమ్యూనిస్టు కార్యకర్తకు నోట మాట రాని పరిస్థితి. వీటన్నిటి కంటే బలంగా పనిచేసింది పొత్తు. కాంగ్రెస్, కృషికార్ లోక్ పార్టీ, ప్రజా పార్టీ ఈసారి ఒక్కటై నిలబడ్డాయి. ఫలితంగా 196 స్థానాల్లో ఆ కూటమికి 146, కమ్యూనిస్టులకు 15. ఓట్లలో మాత్రం కమ్యూనిస్టులకు దాదాపు 31 శాతం వచ్చింది. మూడో వంతుకు కాస్త తక్కువ మంది ఓటేసిన పార్టీకి సభలో పదమూడో వంతు స్థానాలు దక్కాయన్న మాట.

అనంతపురం స్థానం ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ చేతికి వెళ్లింది. దీనికి సీమకు ప్రత్యేకమైన కారణం ఒకటి ఉందని నా అభిప్రాయం. రాజధాని కర్నూలులో కాక విజయవాడ ప్రాంతంలో ఉండాలని కమ్యూనిస్టు పార్టీ వాదించింది. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకే అన్న 1937 నాటి శ్రీబాగ్ ఒడంబడికను నమ్ముకుని కొత్త రాష్ట్రానికి ఒప్పుకున్న సీమవాసికి ఆ వాదన మింగుడుపడేది కాదు. పార్టీ బలమంతా కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఉన్నప్పుడు సీమలోని దాని నాయకులు మోయవలసి వచ్చిన బరువు ఇది. సంజీవరెడ్డి మాత్రం ఈలోగా అనంతపురాన్ని విడిచి శ్రీకాళహస్తికి మారారు. అక్కడి నుంచి సభకు వచ్చి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ తొలి ముఖ్యమంత్రి అయ్యారు. 1952లో జైలు అభ్యర్థి చేతిలో ఓడిన మనిషి నాలుగేళ్లకు రాష్ట్రాన్ని ఏలే స్థానానికి చేరారు.

1957లో నాగిరెడ్డి అనంతపురం నుంచి లోక్‌సభకు గెలిచారు. పార్టీ చావుదెబ్బ తిన్న రెండేళ్లకే, శాసనసభ స్థానం కంటే ఎన్నో రెట్లు పెద్దదైన పార్లమెంటు నియోజకవర్గంలో అది సాధ్యమైంది. పెట్టెల పద్ధతిలో దేశం మొత్తం ఓటేసిన చివరి సార్వత్రిక ఎన్నిక కూడా అదే. తర్వాతి ఎన్నికల నుంచి పేర్లు, గుర్తులు అచ్చువేసిన కాగితం మీద ముద్ర వేసే పద్ధతి వచ్చింది. జేజినాయన దృష్టిలో మాత్రం ఓటుకు అసలు రూపం ఆ పెట్టెల ఎన్నికల్లో చూసినదే.

1962లో ఆయన ఢిల్లీ వదిలి మళ్లీ రాష్ట్రానికి వచ్చారు. ఈసారి పుట్లూరు నుంచి పోటీ చేసి శాసనసభకు గెలిచారు. కమ్యూనిస్టు పార్టీకి ఆ ఎన్నికల్లో 51 స్థానాలు వచ్చాయి. సుందరయ్య గన్నవరం నుంచి గెలిచి సభలో ఉన్నారు. డోన్ నుంచి గెలిచిన సంజీవరెడ్డి రెండోసారి ముఖ్యమంత్రి అయ్యారు. పదేళ్ల కింద ఒకే స్థానం కోసం తలపడిన బావ, బావమరుదులు ఇప్పుడు హైదరాబాద్ సభలో ఎదురెదురు వరుసల్లో కూర్చున్నారు. పెళ్లిళ్లకూ చావులకూ ఒకే ఇంటి గడప తొక్కవలసిన మనుషులు సభలో పద్దుల మీద, భూముల మీద, కరవు మీద తలపడటం ఎలా ఉండేదో నాకు ఎప్పుడూ ఆసక్తిగానే ఉంటుంది. బంధుత్వం పేరుతో ఒకరి రాజకీయాన్ని ఒకరు పలచన చేసుకోలేదు. ఇవాళ ఒకే కుటుంబం రెండు పార్టీల్లో ఉంటే ఎవరు గెలిచినా ఇంటికే లాభమన్న లెక్క వినిపిస్తుంది. ఆ ఇద్దరి మధ్య అలాంటి లెక్క లేదు. 1964లో బస్సుల జాతీయకరణ కేసులో సుప్రీంకోర్టు వ్యాఖ్యల నేపథ్యంలో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి పదవికి రాజీనామా చేశారు. కాసు బ్రహ్మానందరెడ్డి ఆ స్థానంలోకి వచ్చారు.

అదే సంవత్సరం కమ్యూనిస్టు పార్టీ చీలింది. నాగిరెడ్డి సుందరయ్యతో పాటు మార్క్సిస్టు పార్టీ వైపు నిలిచారు. చీలిక నష్టమేమిటో 1967 ఎన్నికలు చూపించాయి. మొత్తం 287 స్థానాల్లో మార్క్సిస్టు పార్టీకి దక్కినవి 9. అయిదేళ్ల కింద 51 మంది కూర్చున్న వరుసలో రెండు పార్టీల వాళ్లనూ కలిపి లెక్కించినా ఇరవై మందికి అటూ ఇటూ మాత్రమే మిగిలారు. ఆ తొమ్మిది మందిలో అనంతపురం నుంచి గెలిచిన నాగిరెడ్డి ఒకరు. 1952లో గెలిచిన స్థానాన్నే పదిహేనేళ్ల తర్వాత మళ్లీ గెలిచారు. కంకి కొడవలి పాత పార్టీ దగ్గరే ఉండిపోయింది కనుక ఈసారి ఆయన గుర్తు సుత్తి, కొడవలి, నక్షత్రం. పదిహేనేళ్లు ఒక బొమ్మకు అలవాటుపడిన పల్లె ఓటరుకు కొత్త బొమ్మ నేర్పి గెలవడం ఎంత కష్టమో ఎన్నికల్లో పనిచేసినవాళ్లకు చెప్పనక్కరలేదు. మా ఊళ్లో వాళ్లకు గుర్తు కంటే ముందు మనిషి తెలుసు. ‘నాగిరెడ్డిది ఏది?’ అని అడిగి మరీ వేసి వచ్చారని జేజినాయన చెప్పేవాడు.

ఇక నా మనసును ఎక్కువగా పట్టుకున్న ఘట్టం. 1967 తర్వాత దేశమంతటా ఎమ్మెల్యేల గోడదూకుళ్లు మొదలయ్యాయి. హర్యానాలో ఒక సభ్యుడు పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారి సామెతగా మిగిలాడు. పార్టీ ఫిరాయింపులను అడ్డుకునే చట్టం అప్పటికి లేదు. అది 1985లో వచ్చింది. గెలిచిన స్థానాన్ని అయిదేళ్లూ అట్టిపెట్టుకుని ఎటు కావాలంటే అటు కూర్చోవడం పూర్తిగా చట్టబద్ధం. ఆ కాలంలోనే బెంగాల్‌లోని నక్సల్బరి రైతుల సాయుధ తిరుగుబాటు ప్రభావం మార్క్సిస్టు పార్టీని కుదిపింది. 1968 ఏప్రిల్‌లో బర్ద్వాన్‌లో జరిగిన పార్టీ ప్లీనం (ప్రత్యేక సమావేశం)లో ఆంధ్ర శాఖ మెజారిటీ పార్టీ పత్రాన్ని వ్యతిరేకించింది. నాగిరెడ్డి, దేవులపల్లి వెంకటేశ్వరరావు, చంద్ర పుల్లారెడ్డి, కొల్లా వెంకయ్య వంటివారు పార్టీ నుంచి బయటికి వచ్చి వేరే సమన్వయ కమిటీ పెట్టుకున్నారు. పార్టీ పోయింది కానీ అనంతపురం స్థానం నాగిరెడ్డిదే. 1972 దాకా ఆ స్థానం నుంచి ఆయనను కదిలించగల చట్టం ఏదీ లేదు.

ఇంకో సంగతి కూడా చూడాలి. ఆయన వెళ్లి చేరడానికి తయారుగా ఉన్న వేరే గూడు కూడా లేదు. వ్యక్తులను చంపుకుంటూ పోయే నక్సల్బరి నాయకుడు చారు మజుందార్ పంథాతో ఆయనకు పొసగలేదు. ప్రజలను కూడగట్టకుండా, భూమి సమస్య మీద వాళ్లను కదిలించకుండా ఆయుధం పట్టడం తప్పని ఆంధ్ర కమిటీ వాదించింది. ఫలితంగా 1969 ఫిబ్రవరిలో నక్సల్బరి దారి పట్టినవాళ్ల అఖిల భారత సమన్వయ కమిటీ ఆంధ్ర కమిటీని తనలో భాగం కాదని ప్రకటించింది. పాత పార్టీ ఆయనకు దూరమైంది, కొత్తగా పుట్టబోతున్న పార్టీ ఆయనను వద్దనుకుంది. ఇలా రెండు వైపులా తలుపులు మూసుకున్న నెల రోజులకే, 1969 మార్చిలో, ఆయన శాసనసభలో నిలబడి సుదీర్ఘంగా ప్రసంగించి తన సభ్యత్వానికి రాజీనామా చేశారు. ఆ వేసవికి ముందు హైదరాబాద్ తెలంగాణ ఉద్యమంతో అట్టుడుకుతోంది. శ్రీకాకుళం కొండల్లో పోరాటం సాగుతోంది. దున్నేవాడికి భూమి దక్కించే పని ఈ సభ వల్ల కాదని, తనకు ఇక దానిపై నమ్మకం లేదని, నమ్మకం లేనిచోట కూర్చోవడం తగదని ఆయన వాదనకు సారం.

ఆ రోజు ఢిల్లీలో లోక్‌సభ అధ్యక్ష స్థానంలో కూర్చున్నది నీలం సంజీవరెడ్డి. 1967లో ఆయన హిందూపురం నుంచి గెలిచి స్పీకర్ అయ్యారు. ఒకే జిల్లా నుంచి, ఒకే ఎన్నికల్లో గెలిచిన బావ, బావమరుదుల్లో ఒకరు దేశపు అత్యున్నత చట్టసభను నడుపుతుండగా, మరొకరు చట్టసభల మీద నమ్మకం పోయిందని చెప్పి బయటికి నడిచారు. ఈ సంగతి మొదటిసారి తారీఖులు పక్కపక్కన పెట్టి చూసుకున్నప్పుడు నాకు ఒళ్లు జలదరించింది.

ఆ రాజీనామాతో నేను ఏకీభవించను. సీమలాంటి కరవు నేలకు సభలో లెక్కలతో మాట్లాడే మనిషి కావాలి. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైన అనంతపురం, నీళ్ల గురించీ భూమి గురించీ నిలదీయగల తన గొంతును ఆ మార్చిలో పోగొట్టుకుంది. ఆయనకు ఓటేసినవాళ్లలో ఎక్కువమంది విప్లవం కోసం వేయలేదు. తమ మాట అక్కడ ఎవరైనా చెప్పాలని వేశారు. వాళ్లను అడిగి ఉంటే, ఉండు నాయనా, అనే అని ఉండేవాళ్లు. జేజినాయన కూడా ఈ ఒక్క విషయంలో ఆయనను తప్పుపట్టేవాడు. ‘మేము పంపితే పోయినాడు, మాకు చెప్పకుండా వచ్చేసినాడు’ అని నొచ్చుకునేవాడు. అయినా ఆ తప్పులో ఉన్న నిజాయితీ ముందు నేను తల వంచుతాను. ఒక గుర్తు మీద గెలిచి, ఆ గుర్తును విడిచిపెట్టి, స్థానాన్ని మాత్రం విడవకుండా పదవీకాలమంతా గడిపేసేవాళ్లను మన రెండు రాష్ట్రాల్లోనూ ఏళ్ల తరబడి చూస్తున్నాం. ఫిరాయింపుల చట్టం వచ్చి నలభై ఏళ్లయినా, అనర్హత ఫిర్యాదులు స్పీకర్ల బల్లల మీద ఉండగానే సభల గడువు తీరిపోయిన ఉదాహరణలు ఉన్నాయి. ఆ చట్టమే లేని రోజుల్లో, ఎవరూ అడగకముందే, తనకు ఓటు తెచ్చిన పార్టీతో బంధం తెగిన తొమ్మిది పది నెలలకు స్థానాన్ని తిరిగి ఇచ్చేసిన మనిషిని మేము అనంతపురం నుంచి పంపామని చెప్పుకోవడం నాకు గర్వంగానే ఉంటుంది.

తర్వాతి కథ ఎన్నికలది కాదు కనుక క్లుప్తంగా చెబుతాను. 1969 డిసెంబరులో మద్రాసులో ఆయనను సహచరులతో పాటు అరెస్టు చేశారు. హైదరాబాద్ కుట్ర కేసు నడిచింది. విదేశీ పెట్టుబడి దేశ ఆర్థిక వ్యవస్థను ఎలా చేజిక్కించుకుందో అంకెలతో వివరిస్తూ ఆయన కోర్టుకు ఇచ్చిన వాంగ్మూలమే తర్వాత ‘తాకట్టులో భారతదేశం’ అనే పుస్తకమైంది. దాన్ని చదువుతుంటే అది జైల్లో ఉన్న ముద్దాయి రాసినట్టు ఉండదు. బడ్జెట్ పద్దుల మీద సభలో లేచి నిలబడిన ప్రతిపక్ష సభ్యుడి గొంతే వినిపిస్తుంది. పేజీ తర్వాత పేజీ లెక్కలు, ప్రభుత్వ నివేదికల నుంచే తీసిన ఆధారాలు, వాటి మీద సూటి ప్రశ్నలు. సభను వదిలి వచ్చినా, సభలో నేర్చిన పద్ధతిని ఆయన వదల్లేదనిపిస్తుంది నాకు. శిక్ష పడి, బెయిలు మీద బయటికి వచ్చాక ఆయన అజ్ఞాతవాసంలోకి వెళ్లారు. ఎమర్జెన్సీ రోజుల్లో జబ్బుపడి, మారుపేరుతో హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో చేరి, 1976 జూలై 28న కన్నుమూశారు. ఊరూరా పేరు చెబితే ఓటు పడిన మనిషి చివరికి తన పేరు చెప్పుకోలేని పరిస్థితిలో పోయారు.

ఎమర్జెన్సీ ముగిశాక జరిగిన 1977 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలిస్తే, నంద్యాలలో ఒక్క సంజీవరెడ్డి జనతా పార్టీ అభ్యర్థిగా గెలిచారు. జూలై 25న ఆయన రాష్ట్రపతిగా ప్రమాణం చేస్తుంటే ఊరి రచ్చబండ దగ్గర రేడియో చుట్టూ చేరినవాళ్లలో జేజినాయన కూడా ఉన్నాడట. మన జిల్లా వాడు రాష్ట్రపతి అయ్యాడని అందరూ సంబరపడుతుంటే ఆయనా సంబరపడ్డాడు. తర్వాత, ఈయన్ని మనం ఒకసారి ఓడగొట్టినాం కదా, అని పక్కనున్నవాళ్లకు గుర్తుచేశాడు. నాగిరెడ్డి పోయి అప్పటికి ఏడాదికి మూడు రోజులు తక్కువ.